తల దించకూడని బడి

రోగం తగ్గింది, బడి తెరిచారు అన్న కబురు వినగానే కాకరమెరకలో పిల్లలందరూ ఎగిరి గంతేశారు, ఒక్క సత్యవేణి తప్ప.

బడి మూతపడేనాటికి సత్యవేణి అయిదో తరగతి. తెరిచేసరికి ఏడో తరగతి. మధ్యలో ఆరో తరగతి ఎటు పోయిందని మీరడగవచ్చు. ప్రభుత్వం వారి లెక్క ప్రకారం ఆ పిల్ల ఆరో తరగతి అంతా సెల్‌ఫోనులో చదివేసింది. ఆ సెల్‌ఫోను మాత్రం పొద్దున్నే నాన్న జేబులో కూర్చుని రొయ్యల చెరువు కాపలాకి పోయేది. కనక ఆరో తరగతి పాఠాలన్నీ శ్రద్ధగా విన్నవి రొయ్యలు. ఎగుమతి కాకుండా మిగిలి ఉంటే ఈపాటికి వాటిలో కొన్ని కాలేజీలో చేరి ఉండేవి.

సత్యవేణి దిగులు ఎవరితోనూ చెప్పుకునేది కాదు. ఆ పిల్లకి చదవడం మరుపొచ్చింది. అయిదో తరగతిలో పాఠాన్ని గుక్కతిప్పుకోకుండా చదివి చప్పట్లు కొట్టించుకున్న పిల్లే. ఇప్పుడు పుస్తకం తెరిస్తే పెళ్లింట్లో ఎదురైన దూరపు చుట్టాల్లా ఉన్నాయి అక్షరాలు; మొహాలు తెలిసినట్టే ఉంటాయి, పేర్లు గుర్తురావు. గుణింతాల దగ్గర తడబాటు, ఒత్తులొస్తే చేతులెత్తేయడమే. అమ్మా నాన్నా చదువుకోలేదు కాబట్టి ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. బళ్లో కనిపెట్టేస్తారు. ఇందుమతి టీచరు లేచి చదవమంటే తను నిలబడి గుటకలు మింగడం, అందరూ నవ్వడం, ఇదంతా సత్యవేణి కళ్లముందు ముందే జరిగిపోయింది. బడి తెరిచిన రోజున ఆ పిల్ల బెంచీ మీద బొమ్మలా కూర్చుంది. కదిలితే టీచరు కంట పడతానేమోనని భయం.

ఇందుమతి టీచరు తెలుగు చెబుతుంది. మొదటి రోజు నలుగురి చేత చదివించింది. వాళ్లలో ఏసుబాబు అనే ఘనుడు పుస్తకం తలకిందులుగా పట్టుకుని, ఎప్పటిదో మూడో తరగతి పాఠం కంఠతా అప్పజెప్పేశాడు. టీచరు నవ్వలేదు, కోప్పడనూ లేదు. పుస్తకం మూసి, "సరేర్రా, రేపట్నించి మొదట్నించీ మొదలెడదాం. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. చాక్‌పీసు పట్టక నా రాతా వంకరపోయింది," అంది.

ఆ మాటకి సత్యవేణి గుండెల మీంచి బరువు దిగింది. రేపు తనంతట తానే వెళ్లి చెప్పేద్దామనుకుంది. కానీ ఆ రేపటికంటే ముందు ఉత్తర్వు వచ్చింది.

ఉత్తర్వుకి వెనక ఒక కథ ఉంది. మహమ్మారి తరవాత పిల్లలు బడికొచ్చి పడుతున్న ఇబ్బందులేమిటో తేల్చడానికి పైవాళ్లు ఒక నిపుణుల సంఘం వేశారు. సంఘం వారు కార్లలో బయల్దేరి అందరికంటే ముందు తెరిచిన ఒక బడికి వెళ్లారు. వెళ్లేసరికి మధ్యాహ్నం. పిల్లలు అన్నం, గుడ్డు కూర తిని వచ్చి కూర్చున్నారు. కిటికీలోంచి చల్లగాలి. సగం మంది బెంచీ మీద చెంప ఆనించారు, మిగతా సగం పక్కవాడి భుజం మీద. సంఘం వారు కూడా భోంచేసే వచ్చారు కనక ఎక్కువసేపు పరిశీలించలేక, పరిశీలించినంతలోనే సత్యం గ్రహించి వెళ్లిపోయారు.

ఆ సత్యాన్ని మర్నాడు ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు వీర్రాజు గారు పిల్లలందరికీ చదివి వినిపించారు. వీర్రాజు గారు చెడ్డవారు కాదు. పైనించి వచ్చిన కాగితమంటే మాత్రం ఆయనకి ప్రాణం జారిపోతుంది. ఎద్దు ఈనిందని పైవాళ్లు రాస్తే, దూడని కట్టెయ్యడమే కాక అది ఎన్ని పాలు తాగిందో కూడా జవాబు రాసి పంపే రకం.

"ఇందుమూలముగా సమస్త ప్రధానోపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా," అని ఆయన గొంతు సవరించుకున్నారు. "మహమ్మారి కాలమందు బాలబాలికలు మంచములపైనను, అరుగులపైనను శయన, అర్ధశయన భంగిమలలో విద్య నభ్యసించిన కారణమున, వారియందు ఆసన సామర్థ్యము దారుణముగా క్షీణించినట్లు నిపుణులు నిర్ధారించినారు. కూర్చుండుట రానివారికి చదువుట రాజాలదు. కావున పునరాసన పథకమును ప్రవేశపెట్టడమైనది. మొదటి దశ, కూర్చుండుట. అందు ఉత్తీర్ణులైన పిమ్మట, ప్రత్యేక అనుమతిపై, రెండవ దశ, చదువుట."

"అంటే ఏంటండీ?" అన్నాడు ఏసుబాబు.

"అంటే కూర్చోవడం నేర్చుకోవాల్రా."

"నాకొచ్చండి, ఇప్పుడు కూర్చుని చూపించమంటారా?"

"నోర్ముయ్యరా. నీకొచ్చో రాదో చెప్పాల్సింది నువ్వు కాదు, ఫోను."

ఆ ఫోను ఏడో తరగతి గదిలోకి వచ్చింది. మూడు కాళ్ల కర్ర స్టాండు మీద దాన్ని బిగించి, నల్లబల్ల ముందు పిల్లలకి ఎదురుగా నిలబెట్టారు. అందులో ఆసనమిత్ర అనే యాప్ ఉంది. అది అరగంటకోసారి టింగుమని పిల్లలందరికీ ఫోటో తీస్తుంది. వెన్ను నిటారుగా, చూపు ఫోను కన్ను మీద ఉన్నవాళ్ల చుట్టూ పచ్చ గడి కడుతుంది. లేనివాళ్ల చుట్టూ ఎర్ర గడి. తరవాత బడికి మార్కు వేసి, ఎక్కడో కూర్చున్న పైవాళ్లకి పంపిస్తుంది. ఊరికే పంపదు, పిల్లలకి కూడా తెలియాలని ఒక ఆడ గొంతుతో చేసిన తప్పుకి పేరు పెట్టి, దిద్దుకునేదాకా అరుస్తుంది.

మొదటి ఫోటో పడే సమయానికి ఇందుమతి టీచరు పిల్లల చేత అక్షరాలు రాయిస్తోంది. రాసేవాడెవడైనా తల వంచుతాడు కదా. టింగుమంది. "శిరోనతి! శిరోనతి! శిరోనతి!" అని ఫోను గోల పెట్టింది. తెర మీద గది మొత్తం టమాటా తోటలా ఎర్రబారింది.

ఒక్క గడి మాత్రం పచ్చగా ఉంది. అది గది మూల స్టూలు మీద ఉన్న మంచినీళ్ల కుండది.

సాయంత్రం కల్లా వీర్రాజు గారికి పైనించి తాఖీదు వచ్చింది. మీ తరగతిలో విద్యార్థులు సామూహిక శిరోనతికి పాల్పడుటకు గల కారణములు తెలుపవలెను, అందుకు బాధ్యులెవరో సూచించవలెను అని. ఆయనకి ఆ రాత్రి ముద్ద దిగలేదు. పొద్దున్నే వచ్చి ఇందుమతి టీచర్ని వరండాలోకి పిలిచారు.

"అమ్మా, రాయించడం ఆపెయ్యండి. చదివించడం కూడా."

"చదవకపోతే బడెందుకు సార్?"

"చదివితే తల వాలుతోందమ్మా! తల వాలితే నాకు మెమో వాలుతోంది. నాకింక రెండేళ్లే సర్వీసుంది. నా మెడ సంగతి కూడా కాస్త చూడండి."

అప్పట్నించి పుస్తకాలు సంచుల్లోంచి బయటికి రాలేదు. నల్లబల్లవైపు కళ్లు తిప్పితే అది దృష్టి చాంచల్యం. తుమ్మితే శిరఃకంపం. ఏసుబాబు కాలు దోమ కుట్టి గోక్కున్నాడు. దానికి ఇదివరకు పేరు లేకపోవడం వల్ల పైవాళ్లు రెండు రోజులు ఆలోచించి అధోహస్తం అని పెట్టారు. ఎవడో కిసుక్కుమంటే అందరూ నవ్వి గదంతా ఎర్రబారితే, నవ్వు అంటురోగమని, నవ్విన వాడికి అటూ ఇటూ ఉన్నవాళ్లని ఒక వారం వేరే బెంచీకి పంపాలని ఉత్తర్వు వచ్చింది. వీర్రాజు గారు రోజూ ప్రార్థనలో పిల్లలకి హితబోధ చేసేవారు. "ఆ కుండని చూడండర్రా! ఎప్పుడైనా తల దించిందా? పక్క చూపులు చూసిందా? పుట్టింది మట్టిలో, అయినా ఎంత బుద్ధి! దాన్ని చూసి నేర్చుకోండి." పక్క ఊరి హెడ్మాస్టరుకి ఈ సంగతి తెలిసి, రాని పిల్లల జాగాలో కుండలు పెట్టించి మండలంలో మూడో స్థానానికి వచ్చాడని కూడా చెప్పుకున్నారు.

మనుషుల్లో కుండకి దీటుగా నిలిచింది సత్యవేణి ఒక్కతే. ఆ పిల్లకి కదలకుండా కూర్చోవడం భయం నేర్పింది. రెండో రోజునించే పచ్చ గడి. యాప్ ఆ పిల్లని రోజూ మెచ్చుకునేది. వీర్రాజు గారు బుగ్గ తట్టి వెళ్లేవారు. ఇందులో పాపం సత్యవేణి తప్పేమీ లేదు గానీ, ఆ పిల్లకి మొదట ఈ ఏర్పాటు నచ్చింది. ఎవరూ చదవమనరు. ఎవరూ నవ్వరు. తనకి చదవడం రాదన్న గుట్టు ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. పైపెచ్చు బళ్లో ఫస్టు.

అలా ఎన్నాళ్లుండేదో గానీ, మధ్యలో బస్సు వచ్చింది.

సత్యవేణి అమ్మ నూకరత్నం రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేస్తుంది. ఐసులో, ఉప్పులో నాని నాని ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ కొట్టు దగ్గర మిషను ఆమె వేలిముద్ర పట్టడం మానేసి నెలలైంది. దాన్ని సరిచేయించుకోవడానికి అమలాపురం రమ్మని ఒక తేదీ ఇచ్చారు. ఆ రోజు షెడ్డుకి సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని, తోడుగా కూతుర్ని తీసుకుని రోడ్డెక్కింది. దూరాన్నించి బస్సు వస్తోంది.

"ఒసే సత్తేణీ, బోర్డు సూడవే. అమలాపురమేనా?"

సత్యవేణి బోర్డు చూసింది. అక్షరాలు పరుగెత్తుకుంటూ మీదికొచ్చాయి, ఒక్కటీ నిలవలేదు. రాదని చెప్పడానికి నోరు తెరిచింది. అమ్మ పక్కనున్న ఇంకో ఆవిడతో అప్పటికే, "మా పిల్ల సదూతాది, మనకేం బెంగ లేదు," అనేస్తోంది.

"అమలాపురమేనే," అంది సత్యవేణి.

వాళ్లు రాజోల్లో దిగారు. మళ్లీ బస్సు మారి అమలాపురం చేరేసరికి ఆఫీసు కిటికీ మూసేశారు. మళ్లీ తేదీ ఇంకెప్పుడో. అమ్మ తిడితే సత్యవేణి కాస్త ఊరడిల్లేదేమో. నూకరత్నం తిట్టలేదు. ఆ బస్సువాళ్లు తప్పుడు బోర్డు పెట్టి తిరుగుతున్నారని దారిపొడుగునా వాళ్లని తిట్టింది. తన బిడ్డ తప్పు చదువుతుందన్న అనుమానం ఆమెకి కలలో కూడా రాలేదు. ఆ నమ్మకం చూసి సత్యవేణికి ఏడుపొచ్చింది. పచ్చ గడి కట్టినంత మాత్రాన రాజోలు అమలాపురం అయిపోదని ఆ పిల్లకి తెలిసిపోయింది.

మర్నాడు బడి వదిలాక ఇందుమతి టీచరు దగ్గరికెళ్లి అంతా చెప్పేసింది. ఏడుస్తూనే చెప్పింది.

"నాకు చదవడం నేర్పండి టీచర్. కూర్చోవడం నాకొచ్చేసిందండి."

టీచరు ఆ పిల్ల కళ్లు తుడిచింది. "నేర్పనన్నానా తల్లీ? ఆదివారం మా ఇంటికి రమ్మందునా, నేనుండేది అమలాపురం. బళ్లో చెబుదునా, పుస్తకం తెరిస్తే ఆ మహాతల్లి అరుస్తుంది." కాసేపు స్టాండు మీది ఫోను కేసి గుర్రుగా చూసింది. చూస్తూ చూస్తూ ఆమె మొహం మారింది. "సత్యవేణీ, అది మిమ్మల్ని ఎటు చూడమంటోంది?"

"దాని కన్ను వైపేనండి. పొద్దస్తమానం అక్కడే చూడాలండి."

"దాని కన్ను కింద బోలెడంత ఖాళీ ఉంది కదే!"

తెల్లారేసరికి ఫోను కింద, స్టాండుకి కట్టి, ఒక తెల్లటి అట్ట వేలాడుతోంది. దాని మీద అరచేయి పొడుగు నల్లటి అక్షరాలతో ఒకే ఒక్క మాట ఉంది: పడవ. పిల్లలు వెన్ను నిటారుగా పెట్టి, చూపు కదపకుండా, టింగుకీ టింగుకీ మధ్య ఆ పడవనే చూశారు. వేరే పనేముంది గనక? మధ్యాహ్నం అన్నం వరసలో టీచరు గరిటె పట్టుకుని నిలబడింది. పళ్లెం చాపిన ప్రతివాడూ ఆ వేళ మాట చెప్పాలి, దాంట్లో ఉన్న అక్షరాలతో ఇంకో మాట కట్టాలి. అప్పుడు కూర. ఏసుబాబు వడ అన్నాడు. ఆ పూట వాడికి అదనంగా ఇంకో గరిటె పడింది.

వీర్రాజు గారు అట్ట చూసి కంగారుపడ్డారు. "ఇదేంటమ్మా? రెండో దశకి మనకింకా అనుమతి రాలేదు!"

"ఇది చదువు కాదు సార్. చూపు నిలవడానికి పెట్టాను. దృష్టి కేంద్రం."

దృష్టి కేంద్రం అన్న మాట వీర్రాజు గారికి ఉత్తర్వులోదే అనిపించింది. పైగా ఆ సాయంత్రం మార్కు చూసుకుంటే ఎన్నడూ లేనంత పెరిగింది. ఆయన ఆ అట్ట సంగతి మళ్లీ ఎత్తలేదు.

పడవ తరవాత చెరువు, చెరువు తరవాత రొయ్య, రొయ్య తరవాత కొబ్బరిచెట్టు. ఒత్తులొచ్చాయి, మాటలు వాక్యాలయ్యాయి. అట్ట మీద రోజూ ఒక వాక్యం చొప్పున ఒక కథ నడిచింది, పిల్లి ఒకటి పడవెక్కి గోదారి దాటడం గురించి. మరునాడు పిల్లికేమైందో తెలియాలంటే బడికి రావాలి, వచ్చి చదవాలి. పిల్లలు కళ్లార్పకుండా చూస్తున్నారు కనక గదంతా పచ్చ గడులే. సత్యవేణి అక్షరం వెంట అక్షరం పట్టుకుని నడిచింది. మొదట పెదవులు కదిపింది, తరవాత లోపలే అనుకుంది. ఒక రోజు అట్ట కేసి చూసీ చూడగానే వాక్యం మొత్తం ఒకేసారి వచ్చి మనసులో వాలింది. ఆ పిల్ల ఆ ఆనందాన్ని గదిలో ఎవరికీ కనపడనివ్వలేదు. నవ్వితే ఎర్ర గడి పడుతుంది మరి.

కాకరమెరక బడి మార్కుల్లో మండలాన్ని దాటి, జిల్లాని దాటి పోయింది. ఊరక రారు మహాత్ములు అన్నట్టు, ఒక శుక్రవారం ప్రాంతీయ ఆసన ప్రమాణాధికారి డాక్టర్ చక్రధరం గారు స్వయంగా విచ్చేశారు. బడి ముందు షామియానా వేశారు. తల్లిదండ్రులు వచ్చారు. నూకరత్నం ముందు వరసలోనే కూర్చుంది. వేదిక మీద చక్రధరం గారికి మెత్తటి కుర్చీ వేశారు. వీర్రాజు గారి స్వాగతోపన్యాసం సాగుతుండగా చక్రధరం గారి గడ్డం మెల్లగా ఛాతీ మీదికి దిగింది. వేడుక కోసమని వేదిక ఎదురుగా తెచ్చి పెట్టిన ఫోను టింగుమని, "శిరోనతి! శిరోనతి!" అంది. ఆయన ఉలిక్కిపడి లేచారు. వెంట వచ్చిన గుమాస్తా పరుగెత్తుకెళ్లి దాని నోరు నొక్కేసి, "అధికారులకు మినహాయింపు ఉంది," అని జనానికి తెలియజేశాడు.

తరవాత సన్మానం. ఉత్తమ ఆసీనురాలిగా సత్యవేణి పేరు పిలిచారు. చక్రధరం గారు ఆ పిల్ల చేతికి బంగారు అంచు ప్రశంసాపత్రం ఇచ్చి, ఫోటోకి నవ్వారు. సత్యవేణి కాగితం కేసి చూసింది. అక్షరాలు ఉన్నచోట ఉన్నట్టే నిలబడ్డాయి. తల వంచి, ఎవరూ చదవమనకుండానే చదవడం మొదలెట్టింది.

"కాకరమెరక... ప్రాథమికోన్నత... పాఠశాల... విద్యార్థిని... కుమారి సత్యవేణి... కదలక, మెదలక... ఎట్టి ఆలోచనకును లోనుగాక... కూర్చుండుటలో..."

మైకు పక్కనే ఉండడం వల్ల ఊరందరికీ వినబడింది. ఇందుమతి టీచరు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పక్కనే నూకరత్నం మాత్రం ఆశ్చర్యపోలేదు. తన పిల్ల ఎప్పుడూ చదువుతూనే ఉందని ఆమె లెక్క.

చక్రధరం గారి నవ్వు ఆరిపోయింది. "ఏమిటిది? ఈ బాలిక చదువుచున్నది!"

"చిత్తం సార్," అన్నారు వీర్రాజు గారు అలవాటు కొద్దీ.

"ద్వితీయ దశకు అనుమతి మంజూరు కాలేదే! ఇది అనధికార అక్షరజ్ఞానము కిందకు వచ్చును. దీనికి ఎవరు బాధ్యులు? పాపా, భయపడక చెప్పు. నీకు చదువుట ఎవరు నేర్పినారు?"

సత్యవేణి టీచరు వైపు చూడకుండా ఉండడానికి తనకొచ్చిన విద్యంతా వాడింది. చూపు ఆయన చొక్కా బొత్తాం మీద నిలిపి చెప్పింది.

"ఎవరూ నేర్పలేదండి. అలా కూర్చునుంటే వచ్చేసిందండి."

చక్రధరం గారు ఆ మాటని ఒకసారి లోపల తిప్పి చూసుకున్నారు. మొహం చాటంత అయింది. మైకు లాక్కున్నారు.

"సోదరీ సోదరులారా! మనము దేనిని సాధింపగోరితిమో అంతకుమించి సాధించినాము! ఆసనమునుండియే అక్షరము జనించునని ఈ బాలిక నిరూపించినది! ఇక ఈ పాఠశాలకు బోధకుల ఆవశ్యకత ఏమున్నది? సోమవారము నుండి ఇచటి తెలుగు ఉపాధ్యాయురాలిని ఉపసంహరించుచున్నాము. తలలు వాలుచున్న దౌర్భాగ్య పాఠశాలలు ఎక్కడున్నవో, శిక్షగా అచటకు ఉపాధ్యాయులను అదనముగా పంపెదము!"

జనం చప్పట్లు కొట్టారు. నూకరత్నం అందరికంటే గట్టిగా కొట్టింది. సత్యవేణి ప్రశంసాపత్రాన్ని చుట్టచుట్టేసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. టీచర్ని మెమో నించి తప్పించబోయి ఊరినించే తప్పించేసింది.

షామియానా విప్పుతుంటే టీచరు గదిలో సామాను సర్దుకుంటోంది. సత్యవేణి గుమ్మంలో నిలబడింది.

"నా వల్లేనండి. నేనా మాట అనకుండా ఉండాల్సిందండి."

"పిచ్చిదానా, నన్ను కాపాడ్డానికే కదే అన్నావ్. ఈపాటి ధైర్యం మా పెద్దాళ్లలో ఒక్కళ్లకైనా ఉందా?"

"ఏ బడికి పంపుతారండి మిమ్మల్ని?"

టీచరు అంత బాధలోనూ నవ్వింది. "అదే తేలడం లేదంట. తలలు వాలిన బడికి పంపాలి కదా. మెమోల భయానికి జిల్లా మొత్తం మీద ఒక్క తలా వాలి లేదు. వాలిన బడి కోసం వెతుకుతున్నారంట."

సత్యవేణి ఇంటికెళ్లే దారంతా ఆ మాటే నెమరేసుకుంది. దారి మలుపులో ఏసుబాబు కనబడ్డాడు. వాడికి చెప్పింది. వాడికి చెబితే ఊళ్లో పిల్లలందరికీ చెప్పినట్టే.

శనివారం టీచరుకి ఆఖరి రోజు. ప్రార్థన అయింది. వీర్రాజు గారు జిల్లాని దాటిన బడికి హెడ్మాస్టరన్న కొత్త హోదాతో వచ్చి గదిలో కుర్చీ వేసుకున్నారు. సత్యవేణి సంచిలోంచి తెలుగు వాచకం తీసింది. ఇన్నాళ్లూ సంచిలో మగ్గి అది ముక్కిపోయిన వాసన వేస్తోంది. బెంచీ మీద పెట్టి, తెరిచి, తల వంచింది.

టింగుమంది. "శిరోనతి!"

"సత్యవేణీ!" వీర్రాజు గారు లేచి నిలబడ్డారు. "నువ్వా తల్లీ? నువ్వు ఉత్తమ ఆసీనురాలివే! తలెత్తమ్మా!"

"చదువుకుంటున్నానండి," అంది సత్యవేణి, తలెత్తకుండానే.

"శిరోనతి!" ఏసుబాబు కూడా పుస్తకం తెరిచాడు. ఈసారి తిన్నగానే పట్టుకున్నాడు. వాడి వెనక బెంచీ, ఆ వెనక బెంచీ. గదంతా కాగితాల చప్పుడు. ఫోను శిరోనతి శిరోనతి అని అరిచి అరిచి, గొంతు బొంగురుపోయి, బ్యాటరీ అయిపోయి చచ్చూరుకుంది. మొదట బిత్తరపోయిన ఇందుమతి టీచరు ఆఖరికి బల్లకి జారబడి, ఇక నవ్వు ఆపుకోలేదు.

సోమవారం పొద్దున్నే పైనించి మనిషి వచ్చాడు, చేతిలో అత్యవసరమని రాసిన కాగితంతో. వీర్రాజు గారు దాన్ని విప్పి వరండాలో నిలబడి చదివారు. కాకరమెరకయందు ఆసన వ్యవస్థ సంపూర్ణముగా కుప్పకూలినందుకు ప్రభుత్వము దిగ్భ్రాంతి చెందినది. శ్రీమతి ఇందుమతి గారి ఉపసంహరణ రద్దు చేయడమైనది. పరిస్థితి తీవ్రత దృష్ట్యా, చిరకాలముగా ఖాళీగా నున్న లెక్కల ఉపాధ్యాయుని పదవిని కూడా తక్షణమే భర్తీ చేయుచున్నాము. విద్యార్థుల శిరస్సులు తిరిగి లేచునంతవరకు వీరు అచటనే కొనసాగవలెను.

వీర్రాజు గారు దాన్ని ఇంకోసారి చదివారు. సర్వీసులో మొదటిసారిగా ఒక కాగితాన్ని చదవడమే కాక ఆలోచించారు కూడా. పిల్లలు తలెత్తితే ఇద్దరు టీచర్లూ పోతారు. అప్పుడు ఈ గదిలో మిగిలేది పిల్లలూ, ఫోనూ, తనూ. మూడున్నర డజన్ల పిల్లలతో రిటైరయ్యేదాకా తనొక్కడూ! ఆయనకి చెమట పట్టింది.

గదిలో ఇందుమతి టీచరు నల్లబల్ల మీద పాఠం పేరు రాస్తోంది. ఛార్జింగు పెట్టిన ఫోను మళ్లీ స్టాండెక్కింది. వీర్రాజు గారు గడియారం చూసుకుని, చెప్పులు చప్పుడు కాకుండా గుమ్మంలోకి వచ్చి, లోపలికి తొంగి చూస్తూ గుసగుసగా కేకేశారు.

"తలలు దించండర్రా! దించండి, దించండి! ఫోటో టైమయింది!"

అందరూ గబగబా తలలు దించారు. సత్యవేణికి మాత్రం ఆ మాట వినపడలేదు. ఆ పిల్ల అప్పటికే కథ మధ్యలో ఉంది.